ఆ ప్లేట్‌లెట్ కౌంట్‌కి స్లైడు చూశారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో 22 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పోయిన నెల మా ఇంట్లోనే జరిగిన సంగతి ఒకటి మీ పత్రిక ద్వారా అందరికీ తెలియాలని రాస్తున్నాను.

చిత్తూరులో ఉండే మా అక్క కొడుక్కి ఉద్యోగం వచ్చింది, చేరేముందు మెడికల్ టెస్టులు చేయించుకోమన్నారు. జ్వరం లేదు, నీరసం లేదు, రోజూ పొద్దున్నే గ్రౌండుకు పోయి పరుగెత్తి వచ్చే పిల్లోడు. అక్కడే ఒక ల్యాబులో రక్తమిస్తే సాయంత్రానికి ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, 46 వేలేనని రిపోర్టు ఫోన్‌కి వచ్చింది, మామూలుగా లక్షన్నర పైనే ఉండాలి. ఇంక ఇంట్లో ఒకటే టెన్షన్. బొప్పాయి ఆకులు దంచి రసం తాగించారు, రాత్రికి రాత్రే వేలూరు పోదామని బావ కారు కూడా మాట్లాడేశాడు. బయల్దేరేముందు అక్క నాకు ఫోన్ చేసింది. ఒంటి మీద ఎర్ర చుక్కలున్నాయా, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం వస్తోందా అని అడిగితే ఏమీ లేదంది. పొద్దున్నే మొదటి బస్సుకి నా దగ్గరికి పంపించమన్నాను.

ఊదా మూత ట్యూబులోనూ, నీలం మూత ట్యూబులోనూ రక్తం తీశాను. ఊదా ట్యూబు మెషీన్‌లో పెడితే మళ్లీ తక్కువే, 51 వేలు. అదే రక్తంతో స్మియర్ వేసి, అంటే గాజు స్లైడు మీద చుక్కను పలచగా పరిచి, లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, బెల్లానికి చీమలు పట్టినట్టు ప్లేట్‌లెట్లు స్లైడు అంచుల్లో గుంపులు గుంపులుగా ఉన్నాయి. నీలం ట్యూబులో 2 లక్షల 10 వేలు వచ్చింది, అందులోని ద్రవం వల్ల రక్తం కొంచెం పలచబడుతుంది కాబట్టి 1.1తో గుణించాలి, అంటే 2 లక్షల 31 వేలు. పిల్లోడికి ఏ జబ్బూ లేదు.

జరిగిందేమంటే, ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొద్దిమందికి అది కలిస్తే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒంట్లో కాదు, ట్యూబులోనే. నీలం ట్యూబులో ఈడీటీఏ ఉండదు. మన దగ్గర వాడే చాలా మెషీన్లు కణాలను సన్నటి రంధ్రం గుండా పంపి సైజును బట్టి లెక్కపెడతాయి, గుంపు పెద్దగా ఉంటుంది కాబట్టి దాన్ని ప్లేట్‌లెట్ల కింద వేసుకోవు. రక్తం తీసి ఎంతసేపైతే అంత ఎక్కువగా అతుక్కుంటాయి, పల్లెల్లో పొద్దున తీసిన శాంపిల్ మధ్యాహ్నానికి టౌనుకు చేరుతున్న ఈ రోజుల్లో ఇది గుర్తు పెట్టుకోవాల్సిన మాట.

మెషీన్ మంచిది కాదని నేను అనడం లేదు. ఒకప్పుడు రక్తంలో అమ్మోనియం ఆక్సలేట్ ద్రావణం కలిపి, న్యూబావర్ చాంబర్ అనే గళ్ల గాజు పలకలో ప్లేట్‌లెట్లను ఒక్కొక్కటీ లెక్కపెట్టినవాణ్ణి, ఒకే శాంపిల్‌ని నేనే రెండుసార్లు లెక్కపెడితే రెండు అంకెలు వచ్చేవి, పక్కాయన లెక్కపెడితే మూడోది. మెషీన్ ఒక్క నిమిషంలో వేల కణాలు చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మామూలుగా మెషీన్ లెక్కా, స్లైడు లెక్కా దగ్గర దగ్గరగానే వస్తాయి, మెషీన్ 2 లక్షల 60 వేలంటే, స్లైడులో 2 లక్షల 40 వేలొస్తే ఎవరికీ నష్టం లేదు. రెండూ ఉండాల్సిన లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల లోపలే కదా. చిక్కంతా ఏ బాధా లేని మనిషికి మెషీన్ తక్కువ చూపించినప్పుడే.

అందుకే ల్యాబుల వాళ్లను అడుగుతున్నాను, కౌంట్ లక్ష లోపు వస్తే స్లైడు చూడకుండా రిపోర్టు ఇవ్వకండి. ఆయిల్ ఇమ్మర్షన్‌లో, అంటే నూనె చుక్క వేసి చూసే పెద్ద లెన్సులో, పది ఫీల్డులు (ఒక్కోసారి కనిపించే భాగాలు) చూసి, ఒక్కోదానిలోని ప్లేట్‌లెట్ల సగటును 15 వేలతో గుణిస్తే ఇంచుమించు లెక్క తెలిసిపోతుంది. స్మియర్ చూశామని రిపోర్టులో ఒక్క ముక్క రాయండి. రిపోర్టు తీసుకునేవాళ్లు కూడా ఆ మాట అడగండి. జ్వరమో, రక్తస్రావమో ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

మా పిల్లోడికి ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుంపు కడతాయని ఒక కాగితం రాసిచ్చాను, ఇకపై ఎక్కడ రక్తమిచ్చినా ముందు అది చూపించమని చెప్పాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి