ఇకపై ముందు పరీక్ష, తర్వాతే రంగు

పాత సామాను పూతలు సరిచేసే మా షాపుకి ఫ్రెంచ్ ప్రొవిన్షియల్ (ఫ్రాన్స్ పల్లెల వంపుల పద్ధతి) బీరువాలు, సొరుగుల బల్లలు, కుర్చీలు తెచ్చే మీ అందరికీ ఒక విషయం సూటిగా చెప్పాలి. ఇంతవరకు ఫోటో పంపిస్తే చాలు, రేటు చెప్పేవాళ్లం. ఇకపై చెప్పం. వస్తువు మా చేతికి వచ్చాక, దాని మీద ఉన్న పాత పూత ఏమిటో, కింద ఉన్నది గట్టి కలపో, వెనీరో (వేరే చెక్క మీద అతికించిన పలుచని కలప పొర), ప్లాస్టిక్కో తేల్చుకున్నాకే రేటూ గడువూ చెబుతాం. ఆ పరీక్షకి కొంత రుసుము ఉంటుంది. పని మాకే ఇస్తే దాన్ని బిల్లులో తగ్గిస్తాం. కొన్ని పనులు అసలు ఒప్పుకోం. గడువులు ఇదివరకటి కన్నా పెరుగుతాయి. ఇది విని కొందరు వేరే షాపు చూసుకుంటారని కూడా తెలుసు. కారణాలు చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో చూద్దాం. ఫ్రాన్స్‌ని పదిహేనో లూయీ 1715 నుంచి 1774 దాకా ఏలాడు. ఆయన కాలంలో పారిస్ పనివాళ్లు చేసిన సామానుకి వంపు కాళ్లు, కంచు తొడుగులు, రంగురంగుల చెక్క పొదుగులు, పైన పాలరాతి పలకలు ఉండేవి. అదే పద్ధతి ఊళ్లకి చేరేసరికి వంపులు మిగిలాయి, కంచూ పాలరాయీ చాలావరకు పోయాయి. దొరికే కలపతో, కొనేవాడి స్తోమతకి తగ్గట్టు చేశారు. ప్రోవాన్స్‌లో వాల్‌నట్ ఎక్కువ, నార్మండీలో ఓక్. చెర్రీ, పియర్ లాంటి పండ్ల చెట్ల కలప కూడా వాడేవారు. నార్మండీలో పెళ్లికూతురికి ఇచ్చే బీరువా మీద పావురాలు, పూలబుట్టలు చెక్కేవారు. ప్రోవాన్స్‌లో రొట్టెలు దాచుకునే పనెతియేర్ అనే చిన్న కటకటాల పెట్టెని గోడకి తగిలించేవారు. రాజు పోయాడు, పారిస్‌లో ఫ్యాషన్లు మారాయి, పల్లె వడ్రంగులు మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో కూడా ఆ వంపులే చెక్కుతూ వచ్చారు. ఆ సామానులో ఎక్కువ భాగానికి మైనం పాలిషే ఉండేది. తెల్లరంగు మీద బంగారు గీత అనే మాట వాళ్లలో చాలామందికి వింతగా తోచేది.

మా దగ్గరికి వచ్చేవాటిలో అలాంటి అసలు సామాను చాలా అరుదు. వచ్చేదంతా 1950ల నుంచి 1970ల దాకా అమెరికా ఫ్యాక్టరీలు ఆ వంపుల్ని తీసుకుని చేసిన సెట్లు. అందులో రెండు రకాలు. ఒకటి డ్రెక్సెల్, హెన్రెడాన్ లాంటి కంపెనీల తేనెరంగు పాలిష్ సామాను, దానికి ఫ్రూట్‌వుడ్ ఫినిష్ అని పేరు. రెండోది ఆడపిల్లల పడకగదుల కోసం చేసిన తెల్ల సామాను: బంగారు గీతలు, పందిరి మంచం, అద్దం బల్ల. నకలు కదా అని చిన్నచూపు అక్కర్లేదు. మంచి కంపెనీల సొరుగు లాగి చూడండి, మూలల్లో డవ్‌టెయిల్ కీళ్లు (పావురం తోక ఆకారంలో కోసి ఒకదాంట్లో ఒకటి దిగేసిన అతుకులు) బిగువుగా ఉంటాయి. ఇప్పుడు షోరూముల్లో దొరికే చాలా సామానుకి ఆ గట్టిదనం లేదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. తేనెరంగు సామాను తెచ్చేవాళ్లు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఒకటే: "ఈ నల్ల చుక్కలు పోగొట్టండి." అవి మరకలు కావు, బూజు కాదు, పురుగు కొట్టిన గుర్తులూ కాదు. ఫ్యాక్టరీలోనే కావాలని చిలకరించినవి. వస్తువు వందేళ్ల నాటిదిలా కనిపించాలని ముదురు రంగుని పూతల మధ్యలో చల్లేవారు. గొలుసులతో కొట్టి చిన్న సొట్టలు కూడా పెట్టేవారు. చుక్కలు పైపూత కింద ఉన్నాయి కాబట్టి అవి పోవాలంటే మొత్తం పూత లేపాలి. లేపితే ఆ తేనెరంగూ పోతుంది, ఎందుకంటే ఆ రంగు కలపది కాదు, చాలావరకు పూతలో కలిపినది. కింద బయటపడే కలప ఒక్కో భాగంలో ఒక్కో రంగులో ఉంటుంది: కాళ్లు ఒక కలప, పైపలక వెనీర్ మరో కలప. వాటన్నిటినీ ఒకే రంగులోకి తేవడం పెద్ద పని. అంత పెద్ద పనికి మాకు డబ్బు బాగానే వస్తుంది. అయినా చెబుతున్నాను, చుక్కల కోసం మాత్రం ఆ పని చేయించుకోకండి.

పూత ఏదో తెలుసుకునే పద్ధతి పాతదే. వెనకవైపు కనపడని చోట దూదితో కొంచెం స్పిరిట్ అద్దుతాం. పూత మెత్తబడి జిగురుగా అంటుకుంటే అది షెల్లాక్, అంటే మనకు తెలిసిన లక్క. స్పిరిట్‌కి లొంగకుండా ల్యాకర్ థిన్నర్‌కి కరిగితే నైట్రోసెల్యులోజ్ ల్యాకర్, అంటే ఫ్యాక్టరీల్లో స్ప్రే చేసే, త్వరగా ఆరే పూత. రెండింటికీ కదలకపోతే వార్నిష్ లాంటి గట్టి పూత అనుకోవచ్చు. ఆ కాలపు ఫ్యాక్టరీ సామానులో ఎక్కువగా కనిపించేది ల్యాకరే, అది మీకు అదృష్టం. కొత్త ల్యాకర్ కొడితే అది పాత పూతని కొద్దిగా కరిగించి అందులో కలిసిపోతుంది. పైపైన గీతలు, మసకబారిన మచ్చలు, గ్లాసు పెట్టిన చోట పడ్డ తెల్ల వలయాలు చాలావాటిని పూత మొత్తం లేపకుండానే సరిచేయొచ్చు. మురికి కడిగి, చిన్న మరమ్మతు చేసి, పలుచగా ఒక పూత వేస్తే సరిపోయే వస్తువుని గీకి కొత్తగా చేయడం మాకు లాభం, మీకు నష్టం. ఇలాంటి చోట్ల ఇకపై చిన్న పనే చెబుతాం.

వెనీర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ సెట్ల పైపలకల మీద వెనీర్ మందం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే ఉండటం మామూలు. మిషన్‌తో ఉప్పుకాగితం పట్టిస్తే అంచుల దగ్గర క్షణాల్లో చిల్లు పడుతుంది, కింది చెక్క బయటపడుతుంది. అది పడ్డాక రంగు వేయడం తప్ప దారి లేదు. ఇంట్లో సగం గీకి "మిగతాది మీరు కానివ్వండి" అని తెచ్చేవాళ్లకి ఒక మాట: గీకకముందు తెస్తే మీకు చవక.

ఇక ప్లాస్టిక్. ఇది విన్నప్పుడు కొందరి ముఖాలు వాడిపోతాయి. 1960, 70ల్లో చాలా కంపెనీలు తలుపుల మీద, సొరుగుల ముందు భాగాల మీద నగిషీని చెక్కకుండా పాలీస్టైరీన్‌తోనో పాలీయురేథేన్‌తోనో అచ్చు పోసి అతికించాయి. పైన కలప రంగు కొట్టాక దూరం నుంచి తేడా తెలియదు. రెండు తలుపుల మీది పువ్వులు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేలా ఉన్నాయా చూడండి. గోటితో తట్టండి, చప్పుడు డొల్లగా వస్తుంది. వెనకవైపు సన్నని సూదిని కొంచెం వేడిచేసి ఆనిస్తే ప్లాస్టిక్ అయితే మెత్తబడుతుంది. ఈ పరీక్ష మాత్రం మాకే వదిలేయండి. పూత లేపే మందులు, థిన్నర్ తగిలితే పాలీస్టైరీన్ కరిగిపోతుంది. ఒక పువ్వు రేకు పోయాక మళ్లీ అచ్చు పోయడం మా వల్ల కాదు. అందుకని ప్లాస్టిక్ నగిషీ ఉన్న వస్తువులకి పూత లేపే పని ఇక ఒప్పుకోం. కడగడం, పైన రంగు వేయడం వరకే. మొత్తం కలప రంగులో కావాలని పట్టుబడితే వేరే చోట అడగండి, కానీ వాళ్లకి ప్లాస్టిక్ ఉందని ముందే చెప్పండి.

తెల్ల సామాను పసుపెక్కిందని తెచ్చేవాళ్లకి: అది మురికి కాదు. ల్యాకర్ వయసు పెరిగేకొద్దీ వెలుతురుకీ గాలికీ పసుపెక్కుతుంది. పైన ఏళ్ల తరబడి ఒక పెట్టె పెట్టి తీసేస్తే దాని అచ్చు వేరే రంగులో కనిపించేది అందుకే. ఎంత తోమినా పోదు. ఆ మీగడరంగు మీకు నచ్చితే అలా ఉంచండి, నాకైతే కొత్త తెలుపు కన్నా అదే బాగుంటుంది. నచ్చకపోతే పైన మళ్లీ రంగు వేయాల్సిందే. 

బంగారు గీతల విషయంలో మాట తప్పించుకోకుండా చెబుతున్నాను: పాత మెరుపు తెస్తానని ఇక హామీ ఇవ్వను. ఫ్యాక్టరీలో వాడింది బంగారం కాదు, ఇత్తడి లాంటి లోహపు పొడి కలిపిన రంగు. అది గాలి తగిలి నల్లబడుతుంది. అదే పొడితో మళ్లీ గీస్తే మొదట ధగధగలాడి తర్వాత మళ్లీ నల్లబడుతుంది. అభ్రకం కలిపిన రంగులు నల్లబడవు, కానీ ఆ ధగధగ ఉండదు, కొంచెం నెమ్మదైన మెరుపు. అసలు బంగారు రేకు నల్లబడదు, దాని ఖర్చు మాత్రం మొత్తం వస్తువు ఖరీదుని మించిపోవచ్చు. మూడింటి నమూనాలూ షాపులో పెట్టాం, వచ్చి కళ్లారా చూసి ఎంచుకోండి.

గడువులు ఎందుకు పెరిగాయంటే ముఖ్యంగా మూడు విషయాలు. పూత క్షణాల్లో లేపే మిథిలీన్ క్లోరైడ్ మందు మేము మానేశాం. మూసిన గదుల్లో దాని ఆవిరి పీల్చి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. ఇళ్లలో వాడకానికి దాన్ని అమ్మకూడదని అమెరికా పర్యావరణ సంస్థ 2019లో నిషేధించింది. దాని బదులు వాడే మందులు నెమ్మదిగా పనిచేస్తాయి. రెండోది సీసం. అమెరికాలో ఇంటి రంగుల్లో, సామాను రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు రంగు వేసిన ప్రతి వస్తువుకీ సీసం పరీక్ష చేస్తాం. ఉందని తేలితే పొడిగా గీకం, తడి పద్ధతిలోనే చేస్తాం. అది ఆలస్యం. పసిపిల్లల గదికి వెళ్లే మంచమైతే ఈ ఆలస్యం గురించి నాతో వాదించకండి. 

మూడోది మీ చేతుల్లో ఉన్నది, స్ప్రే పాలిష్. వాటిలో చాలావాటికి సిలికోన్ ఉంటుంది. అది పూత పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. మేము కొత్త పూత వేయగానే ఆ పూత అక్కడక్కడ వెనక్కి లాగేసుకుని గుండ్రటి గుంటలు పడుతుంది. పనివాళ్లు వాటిని ఫిష్ ఐ అంటారు. అందుకని ముందు ద్రావకంతో పదే పదే తుడిచి, లక్కతో ఒక పొర వేసి లోపలిదాన్ని లోపలే ఆపేసి, అప్పుడు అసలు పని మొదలుపెడుతున్నాం. ఆ లక్క పొర ఇంకో మేలు కూడా చేస్తుంది. చెర్రీ, మహాగని లాంటి కలపల మీద నేరుగా తెల్లరంగు వేస్తే కలపలోని రంగు పైకి ఊరి గులాబీ మరకలు పడతాయి. రెండు పూతలు వేసినా, మూడు వేసినా వస్తూనే ఉంటాయి. లక్క ప్రైమర్, అంటే ఆ అడుగుపూత, వాటిని ఆపుతుంది.

చాక్ పెయింట్, అంటే సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు, అడిగేవాళ్లు చాలామంది. ఇంగ్లండ్‌లో ఆనీ స్లోన్ 1990లో తెచ్చిన రంగు అది, గీకకుండానే చాలా పూతల మీద పట్టుకుంటుంది. నాకూ ఇష్టమే. కానీ దాని మీద వేసే మైనం వేడి గిన్నెనీ తడి గ్లాసునీ తట్టుకోదు. పూర్తిగా గట్టిపడటానికి కూడా వారాలు పడుతుంది. పక్కబల్లకీ బీరువాకీ మైనం సరే, భోజనాల బల్లకి మాత్రం నీటి వార్నిషే వేస్తాం. రంగు వేసి అంచుల్లో కావాలని గీకి పాతగా చూపించే పని ఇకపై చేయం. చేతులు తగలని చోట, తలుపు మధ్యలో అరిగిపోయినట్టు గీకడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. నిజంగా అరిగేది పిడి చుట్టూ, కాలి అంచున, కుర్చీ చేతి చివర. అక్కడి పాత అరుగుదలని ఉన్నదున్నట్టు ఉంచమంటే సంతోషంగా ఉంచుతాం.

గదిలో ఎలా పెట్టాలని కూడా అడుగుతుంటారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. సెట్ మొత్తం ఒకే గదిలో పెట్టకండి. మంచం, రెండు పక్కబల్లలు, అద్దం బల్ల, బీరువా అన్నీ వంపులు తిరిగి ఉంటే ఒక్కటీ కంటికి ఆనదు. ఒక వంపు బీరువా పక్కన తిన్నని గీతలున్న సాదా బల్ల పెట్టండి, వెనక గోడ సాదాగా ఉండనివ్వండి. కుర్చీ గుడ్డకి గళ్లు, చారలు, ముతక నార బాగా నప్పుతాయి. బొమ్మల గుడ్డ కావాలంటే త్వాల్ ద జూయీ ఉంది. పారిస్ దగ్గర జూయీ అనే ఊళ్లో ఓబెర్‌కాంఫ్ 1760లో మొదలుపెట్టిన కార్ఖానా పేరు మీద వచ్చిన అచ్చు గుడ్డ అది. ఒకే రంగు గీతల్లో పల్లె దృశ్యాలు ఉంటాయి. కుర్చీకైనా వేయండి, తెరలకైనా వేయండి, రెండింటికీ వద్దు. 

పిడులు మార్చే ముందు ఆగండి. నల్లబడ్డ ఇత్తడిని అద్దంలా తోమితే పాత కలప పక్కన అది ఒక్కటే కళ్లలో పడుతుంది. కొత్తవి కొనాలనుకుంటే మర బెజ్జాల మధ్య దూరం కొలిచి కొనండి, లేకపోతే పాత బెజ్జాలు పూడ్చి కొత్తవి వేసే పని అదనం. పేము అల్లిక జారిన కుర్చీని అల్లించడానికి తేవాలనుకుంటే ముందు ఇంట్లో ఇది చేసి చూడండి: అల్లిక తెగకుండా జారి మాత్రమే ఉంటే, కింది వైపు నుంచి వేడినీళ్లలో ముంచిన గుడ్డతో బాగా తడిపి, కలపకి తడి తగలకుండా చూసి, పూర్తిగా ఆరేదాకా ఎవరినీ కూర్చోనివ్వకండి. ఆరేటప్పుడు పేము బిగుసుకుంటుంది. చాలాసార్లు అంతటితో పని అయిపోతుంది, మా దగ్గరికి రానక్కర్లేదు.

ఇప్పటికే తీసుకున్న ఆర్డర్లకి పాత రేటే, ప్లాస్టిక్ నగిషీ ఉన్నవాటికి మాత్రం విడిగా ఫోన్ చేసి మాట్లాడతాం. కొత్తగా తెచ్చేవాళ్లు సొరుగు అడుగున, వెనక పలక మీద ఉన్న ముద్రలూ చీటీలూ పీకేయకండి, కంపెనీ, కాలం వాటితోనే తెలుస్తాయి. ఊడిపోయిన ముక్కలుంటే ఎంత చిన్నవైనా ఒక సంచిలో వేసి తీసుకురండి. తెచ్చే ముందు శుభ్రంగా కనిపించాలని స్ప్రే పాలిష్ మాత్రం కొట్టకండి, దుమ్ముతోనే తెచ్చేయండి.