రెండు కాసుల లెక్క

అమ్మలూ,

మార్కు సువార్త మీద మార్క్సిస్టు విమర్శ రాస్తానన్నావు కదా, సువార్త మొత్తం నెత్తికెత్తుకోకు. 12వ అధ్యాయం 38వ వచనం నుంచి 13వ అధ్యాయం 2వ వచనం దాకా చాలు. మధ్యలో అధ్యాయం మారిందని ఆగొద్దు. ఆ విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, మార్కు చేసింది కాదు.

విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రులను, అంటే యూదు ధర్మశాస్త్ర పండితులను, యేసు తిడతాడు. వెంటనే ఒక బీద విధవరాలు కానుకపెట్టెలో రెండు కాసులు వేస్తుంది. ఆ వెంటనే, దేవాలయంలో రాయి మీద రాయి నిలవదంటాడు. కానుకల ప్రసంగాల్లో మధ్య ముక్క ఒక్కటే తీసుకుంటారు. అప్పుడు ఆమె త్యాగం మిగులుతుంది, ఆమెను ఆ స్థితికి తెచ్చినవాళ్లు తప్పుకుంటారు. మీరూ ఇలాగే వేయండని యేసు అనలేదు, గమనించు.

ఇక లెక్క. రెండు కాసులు ఒక క్వాడ్రాన్స్ (చిన్న రోమన్ నాణెం) అని మార్కే చెబుతాడు. అలాంటి క్వాడ్రాన్సులు 64 అయితే ఒక దేనారం, అంటే రోమన్ వెండి నాణెం. మత్తయి 20లో ద్రాక్షతోట కూలీకి రోజుకు ఇచ్చింది ఒక దేనారం. అంటే ఆమె వేసింది రోజుకూలిలో 64వ వంతు, అదే ఆమె జీవనమంతా. ఇది మొదటి పేజీలోనే రావాలి.

తర్వాత అడగాల్సింది: మిగులు (పనిచేసినవాళ్ల బతుకుకు పోను మిగిలే సంపద) ఎవరి చెమట, ఏ దారిన పోగైంది, ఆ పోగును ఏ మాట సమర్థించింది? ఇక్కడ మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్‌ను తప్పక వాడు. క్రీ.శ. 66లో యెరూషలేములో తిరుగుబాటుదారులు అప్పుపత్రాలున్న భాండాగారాన్ని తగలబెట్టారనీ, అప్పులపాలైనవాళ్లను తమవైపు తిప్పుకోవడానికే ఆ పని చేశారనీ రాశాడు. ఆ కాలపు వర్గవైరం ఇంత సూటిగా కనబడే చోట్లు తక్కువ.

మార్క్సిస్టు సిద్ధాంతకర్తలు ఎంగెల్స్ 1894లో, కౌట్‌స్కీ 1908లో తొలి క్రైస్తవాన్ని పీడితుల ఉద్యమంగా చూశారు. గొప్ప పనే. కానీ అక్కడ ఫ్యాక్టరీ కార్మికుణ్ణి వెతకకు. ఉన్నది కౌలురైతు, దినకూలీ, బానిస, చేతిపనివాడు. పైగా ఎంగెల్స్, కౌట్‌స్కీ సువార్తను చరిత్రకు ఆధారంగా తవ్వారు, కథనంగా చదవలేదు. ఆ లోటు తీర్చింది పోర్చుగల్‌కు చెందిన ఫెర్నాండో బెలో. 1974లో మార్కునే తీసుకుని, కథనపు అల్లికనూ ఆర్థికాన్నీ కలిపి చదివాడు. నువ్వు పట్టుకోవాల్సిన దారి అదే.

చివర్లో పోల్చు. లూకా 20 చివర, 21 మొదట్లో ఈ వరుస అలాగే ఉంది. మత్తయి 23, 24లో విధవరాలు లేదు. ఎందుకు వదిలాడో ఊహించి రాయకు, ఆమె లేనప్పుడు శాస్త్రుల మీది ఆరోపణ ఎటు తిరిగిందో చూపించు.

చిత్తుప్రతి అవగానే పంపు.

నాన్న