రెండు మేకులు, ఎనిమిది ఫొటోలు

విశాఖపట్నం

ఒరే సత్తిబాబూ,

నీ కవరు అందింది. ఇరవై ఫొటోలు పంపి, "ఇంటి ఓనరు హాల్లో రెండు మేకులకే ఒప్పుకున్నాడు, అన్నీ కనపడాలి, ఖర్చు మాత్రం కాకూడదు" అని రాశావు. అది చదివి మీ చెల్లెమ్మ ఒకటే నవ్వు. ఆ మేకులైనా నువ్వు కొనుక్కుంటావా, అవీ ఇక్కణ్ణుంచే పంపాలా?

మాల్స్ వైపు పోలేదు. అక్కడ ఫ్రేముతో పాటు ఏసీకి కూడా మనమే డబ్బు కట్టాలి. పూర్ణా మార్కెట్ దాటాక సందులో ఒక పటాలు కట్టే కొట్టు ఉంది. గోడ నిండా అప్పన్న, కనకమహాలక్ష్మి అమ్మవారు, వేంకటేశ్వరస్వామి. మార్గశిరం గురువారాలు తప్పిస్తే తీరిగ్గానే మాట్లాడతారు. నీ ఫొటోలు బల్ల మీద పరిచాను. కొట్టాయన నీ కాలేజీ నాటి ఫొటో చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, "పాపం, చిన్న వయసే. దండ కూడా పెట్టించమంటారా? చిన్న బల్బు కూడా వస్తుంది" అన్నాడు. "అయ్యో, ఆయన హైదరాబాద్‌లో నిక్షేపంలా ఉన్నాడండీ" అన్నాను. ఆయన తొణకలేదు. "అయితే బల్బు వద్దులెండి" అని టేపు తీశాడు. ఇదెక్కడి గొడవరా బాబూ!

ఆయన లెక్క చెప్పాకే నాకు సంగతి బోధపడింది. బీడింగుకి, అంటే ఫ్రేము చుట్టూ వేసే పట్టీకి, ధర పొడవుని బట్టి, అద్దానికి వైశాల్యాన్ని బట్టి. 4×6 ఫొటో చుట్టూ 20 అంగుళాల బీడింగు పడుతుంది. రెండు మేకులకి ఇరవై ఎక్కడ పడతాయి, ఎనిమిది ఏరుకుందాం. ఎనిమిదింటికి విడివిడిగా కట్టిస్తే 160 అంగుళాలు, ముప్పై రెండు మూలలు. ప్రతి మూలా 45 డిగ్రీలకి కోసి అతకాలి కాబట్టి కూలీ కూడా అందుకు తగ్గట్టే. అదే 12×18 ఫ్రేములు రెండు చేయించి, ఒక్కో దాన్లో మౌంట్ బోర్డుకి, అంటే ఫొటో చుట్టూ కనపడే మందపాటి అట్టకి, నాలుగు కిటికీలు కోయిస్తే 120 అంగుళాలు, ఎనిమిది మూలలు. అద్దం ఎక్కువ పడుతుంది, మౌంట్ కోతకి కొంత అదనం, కాదనను. అయినా నీకున్నవి రెండు మేకులు కదా, ఇంకేం ఆలోచిస్తావు? నిలువు ఫొటోలు అడ్డంగా రెండు, కిందకి రెండు వరసల్లో హాయిగా సరిపోతాయి, చుట్టూ తెల్ల జాగా కూడా మిగులుతుంది.

డబ్బు ఆదా చేయాలంటే బీడింగులో చెయ్యి. బంగారు పువ్వుల బీడింగు చూసి మనసు పారేసుకోకు, అది సగం ధర మింగేస్తుంది, పైగా ఫొటో కంటే అదే కనపడుతుంది. అర అంగుళం వెడల్పు నల్ల ఫైబర్ బీడింగు చాలు. దానికి చెదలు పట్టదు, తేమకి ఉబ్బదు. మౌంట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అది అందం కోసమే అనుకుంటారు గాని, అసలు పని ఫొటోని అద్దానికి తగలకుండా ఉంచడం. తేమ చేరితే ఫొటో మీది పొర మెత్తబడి అద్దానికి అతుక్కుపోతుంది. సముద్రం పక్కన కాపురం చేసేవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా హాలు గోడ తడిసి, మా పెళ్లి ఫొటో అలాగే అద్దానికి పట్టేసింది. లాగితే ఫొటో చిరుగుతుందని తెలిసిన స్టూడియో ఆయన అద్దంతో సహా స్కాన్ చేసిచ్చాడు. ఇప్పుడు గోడ మీద ఉన్నది ఆ కాపీయే. మీ ఊళ్లో ఇంత ఉప్పు గాలి లేదు గాని, వానాకాలం గోడలు తడవవా ఏమిటి? వెనక అట్ట అంచులకి టేపు వేయమని చెప్పాను, వెండిపురుగులు దూరకుండా.

ఇక ఏ ఎనిమిది? నా మాట విను. కురుసుర సబ్‌మెరైన్ ముందు నించున్నది తీసెయ్, అందులో నీ తల కంటే ఎవరిదో టోపీ పెద్దగా ఉంది. అరకు రైల్లో తీసినవాటిలో ఒకటి చాలు. హార్బరు దగ్గర మీ నాన్నగారి నలుపు తెలుపు ఫొటో తప్పకుండా ఉండాలి, కాని అసలుది ఫ్రేములో పెట్టకు. స్కాన్ చేయించి కాపీ కట్టిద్దాం. అసలుది కాగితం కవర్లో పెట్టి బీరువాలో దాచు, ఎండ తగిలే గోడ మీద ఏదైనా వెలిసిపోవాల్సిందే.

ఫోన్లో తీసినవి ప్రింట్ చేయించేటప్పుడు ఒకటి చూసుకో. మామూలుగా ఫోన్ ఫొటో పొడవు వెడల్పుల నిష్పత్తి 4:3, మన 4×6 కాగితానిది 3:2. అందుకే అడ్డం ఫొటోకి పైనో కిందో, నిలువు ఫొటోకి పక్కలో కోసేస్తారు. పిల్ల పుట్టినరోజు ఫొటోలో మీ అత్తగారి జడ ఎగిరిపోయింది అలాగే. కోయకుండా తెల్ల అంచు వదలమని స్టూడియోలో చెప్పు.

అద్దం బస్సులో పంపితే పగిలేదాకా నాకు నిద్ర పట్టదు. యాక్రిలిక్, అంటే గాజులాంటి ప్లాస్టిక్ రేకు, వేయిద్దామా? తేలిక, అద్దంలా తొందరగా పగలదు, కాస్త ఖర్చు ఎక్కువ, గీతలు పడతాయి. పైనున్న ప్లాస్టిక్ పొర ఇంటికొచ్చాక పీకు, తుడవడానికి మెత్తటి గుడ్డ వాడు, అద్దాలు తుడిచే స్ప్రే మాత్రం కొట్టకు. లేదంటే అద్దం లేకుండా పంపేస్తాను, అక్కడే వేయించుకో.

రెడీమేడ్ అంటావా, మీ హైటెక్ సిటీ ఐకియాలో కొలతలు సెంటీమీటర్లలో ఉంటాయి. 10×15 అంటే మన 4×6, 21×30లో ఏ4 కాగితం పడుతుంది. తర్వాత బల్ల మీద నిలబెట్టుకోవడానికి అవి చాలు, మేకు గొడవ ఉండదు.

ఆదివారం లోపు ఎనిమిది ఏవో, గోడ రంగు ఏదో చెప్పు. లేత పసుపైతే మౌంట్ తెలుపు కాకుండా గోధుమ రంగు తీసుకుంటాను. అడ్వాన్సు నేనే ఇచ్చాను, మిగతా లెక్క నువ్వు సంక్రాంతికి వచ్చినప్పుడు చూసుకుందాం. చెల్లాయిని, పిల్లని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు