మోయిస్సనైట్ రాళ్లను ‘ఎం-డైమండ్’ పేరుతో అమ్మి, ఎక్స్చేంజ్ నిరాకరించడంపై ఫిర్యాదు

జనరల్ మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం, హెడ్ ఆఫీసు.

విషయం: మీ కర్నూలు బ్రాంచిలో కొన్న ఏడు రాళ్ల కమ్మలు – రాళ్ల సొమ్ము వాపసు గురించి.

మేనేజర్ గారూ,

మా అబ్బాయి నిశ్చితార్థంలో కోడలికి రవ్వల కమ్మలు పెడతామని వియ్యాలవారికి మాట ఇచ్చాం. ఆ మాట ప్రకారమే మీ కర్నూలు బ్రాంచిలో ఏడు రాళ్ల కమ్మలు కొన్నాం. 18 క్యారెట్ల బంగారం, జతకు 14 రాళ్లు. బిల్లులో రాళ్ల దగ్గర ‘ఎం-డైమండ్, 1.50 క్యారెట్’ అని ఉంది. ఆ ‘ఎం’ ఏమిటని కౌంటర్ దగ్గరే అడిగాను. “మా సిరీస్ పేరు మేడమ్, డైమండ్ డైమండే” అన్నాడు మీ సేల్స్ అబ్బాయి. రాళ్లకే రూ. 96,000 తీసుకున్నారు.

పెళ్లయ్యాక కోడలు, కమ్మలు చెవికి బరువుగా ఉన్నాయి, మార్చి చిన్న మోడల్ తీసుకుందామంది. డైమండ్ నగలకు రాళ్ల విలువలో 90 శాతం ఎక్స్చేంజ్ ఇస్తామని మీ బిల్లు వెనకే అచ్చు వేసి ఉంది. అదే బ్రాంచికి వెళ్లాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి కమ్మలను అటూ ఇటూ తిప్పి చూసి, “ఇవి డైమండ్స్ కాదండీ, మోయిస్సనైట్. వీటికి బంగారం వరకే ఎక్స్చేంజ్” అంది. మోయిస్సనైట్ అంటే వజ్రంలా కనిపించే వేరే రాయి. తరుగు, మజూరీ పోగా బంగారం ఖరీదు కట్టిస్తారట, రాళ్లకు పైసా రాదట. కోడలు పక్కన ఉండగా ఆ మాట వినాల్సి వచ్చింది. అమ్మేటప్పుడు డైమండ్ అయినది తిరిగి తీసుకునేటప్పుడు ఎందుకు కాకుండా పోయిందో మీరు రాతపూర్వకంగా చెప్పాలి.

బ్రాంచి మేనేజర్ గారిని అడిగితే ఆయన మొదట టెస్టర్ తీశారు. పెన్నులాంటి ఆ పరికరాన్ని రాయికి ఆనించగానే కుయ్‌మంది. “చూశారా, పాసైంది” అన్నారు. అమ్మిన రోజు కూడా ఇదే చేసి చూపించారు. ఆ టెస్టర్ చూసేది రాయిలోంచి వేడి ఎంత త్వరగా పాకుతుందన్నది మాత్రమే. మనం అమెరికన్ డైమండ్ అని పిలిచే జిర్కోనియా రాయిలో వేడి సరిగా పాకదు కాబట్టి అది అక్కడే దొరికిపోతుంది. మోయిస్సనైట్ వేడిని బాగా లాగుతుంది, అందుకే వజ్రానికి మోగినట్టే దానికీ మోగుతుంది. 1998 నుంచి ఈ రాళ్లు నగల మార్కెట్లోకి రావడంతో వేడిని చూసే టెస్టర్ ఒక్కటే చాలదని తేలి, కరెంటు ప్రసారాన్ని కూడా కొలిచే పరికరాలు వచ్చాయి. మాలాంటి వాళ్లకు ఇది తెలియకపోవచ్చు. రాళ్ల వ్యాపారం చేసే మీకు తెలియదంటే నేను నమ్మను. వజ్రాన్నీ మోయిస్సనైట్‌నూ వేరు చేయలేని పరికరాన్నే ఏరి కౌంటర్ మీద పెట్టుకుని, దాని కూతనే రుజువుగా చూపిస్తున్నారు.

తర్వాత ఆయన “ఇది కూడా ల్యాబ్ డైమండ్ లాంటిదే కదండీ” అన్నారు. కాదు. ల్యాబ్‌లో పెంచిన వజ్రం కూడా కార్బనే. గట్టిదనం, మెరుపు, బరువు అన్నీ గనిలో దొరికిన వజ్రంతో సమానం. మోయిస్సనైట్ అంటే సిలికాన్ కార్బైడ్. సానపట్టే చక్రాల్లో కార్బోరండం అని వాడే పదార్థం కూడా అదే, కాకపోతే ఇది తేటగా పెంచిన స్ఫటికం. రెండూ ల్యాబ్‌లోనే తయారైనంత మాత్రాన ఒకటే రాయి అయిపోవు.

హాల్‌మార్క్ చూపించి “గవర్నమెంటు ముద్రే ఉంది కదా” అనడం మరీ విడ్డూరం. బంగారం విషయంలో మీతో నాకు పేచీ లేదు. కమ్మల మీద ముద్రించిన ఆరక్షరాల హెచ్‌యూఐడీ నంబరు హాల్‌మార్క్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూసుకున్నాం, సరిగ్గానే ఉంది. కానీ ఆ ముద్ర చెప్పేది బంగారం స్వచ్ఛత గురించి, రాళ్ల గురించి కాదు.

ఈ వాదనలన్నీ విన్నాక హైదరాబాద్‌లో రత్నాలు పరీక్షించే ల్యాబ్‌లో కమ్మలు ఇచ్చాం. ‘సింథటిక్ మోయిస్సనైట్’ అని రిపోర్టు వచ్చింది. అక్కడి ఆయన పది రెట్లు పెద్దగా చూపే లూప్ నా చేతికిచ్చి, రాయిని కాస్త పక్కకు వంచి చూడమన్నారు. అడుగు పలకల అంచులు ఒక్కో గీత జంటగా కనబడ్డాయి. ఈ రాయిలో వెలుతురు రెండుగా చీలుతుందట, వజ్రంలో అలా చీలదట. అంత తేలిగ్గా తెలిసే తేడా మీ షాపులో అమ్మేరోజు ఎవరికీ కనబడలేదు, ఎక్స్చేంజ్ రోజు మాత్రం వెంటనే కనబడింది!

బరువు సంగతి కూడా అక్కడే బయటపడింది. వజ్రం సాంద్రత 3.52, మోయిస్సనైట్‌ది 3.22. అంటే అదే సైజు రాయి వజ్రమైతే ఎక్కువ తూగుతుంది, మోయిస్సనైట్ అయితే తక్కువ. 1.50 క్యారెట్ల వజ్రాలు ఎంత సైజుంటాయో అంత సైజు మోయిస్సనైట్ రాళ్లు సుమారు 1.37 క్యారెట్లే తూగుతాయి. కమ్మలతో మీరిచ్చిన రాళ్ల కార్డు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘డైమండ్‌తో సమానమైన సైజు ప్రకారం’ అని వేశారు. బిల్లులో ఆ ముక్క లేదు. లేని బరువుకు కూడా క్యారెట్ లెక్కన డబ్బు తీసుకున్నారు.

ఇక మీ రంగుల బ్రోచర్. ‘ఆకాశం నుంచి రాలిన వజ్రం, నోబెల్ శాస్త్రవేత్త కనుగొన్న డైమండ్’ అని రాశారు. ఆ శాస్త్రవేత్త ఫ్రాన్సుకు చెందిన హెన్రీ మోయిస్సాన్. 1893లో అమెరికాలోని అరిజోనాలో ఉల్క పడిన గొయ్యి నుంచి తెచ్చిన ముక్కల్లో ఈ స్ఫటికాలను చూసి మొదట వజ్రాలే అనుకున్నాడు. 1904లో పరీక్షించి, ఇవి వజ్రాలు కావు, సిలికాన్ కార్బైడ్ అని ఆయనే తేల్చాడు. మీ బ్రోచర్ 1893 దగ్గరే ఆగిపోయింది. పైగా 1906లో ఆయనకు నోబెల్ వచ్చింది ఫ్లోరిన్‌ను వేరు చేసినందుకు, విద్యుత్ కొలిమికి. ఈ రాయికి కాదు. మా కోడలి కమ్మల్లో ఉన్నవి ఆకాశం నుంచి రాలినవీ కావు, ఫ్యాక్టరీలో పెంచినవి.

మోయిస్సనైట్ పనికిరాని రాయి అని నేను అనడం లేదు. గట్టిదనంలో వజ్రం 10 అయితే ఇది 9.25. రోజూ పెట్టుకున్నా తేలిగ్గా గీతలు పడదు. వెలుతురును రంగులుగా విడగొట్టే గుణం దీనికి 0.104, వజ్రానికి 0.044. అందుకే ఎండలో ఏడు రంగులు చిమ్ముతుంది. నాకైతే వజ్రం తెల్లటి మెరుపే ఇష్టం. మా కోడలికి ఈ రంగులే నచ్చాయి. జిడ్డు పడితే కుంకుడుకాయ నురుగులో కడుక్కుంటే చాలు. దాని పేరుతో, దాని ధరకు అమ్మి ఉంటే, చూసి కొనాలో వద్దో మేమే తేల్చుకునేవాళ్లం. వియ్యాలవారికి కూడా ముందే చెప్పి ఉండేవాళ్లం. ఇప్పుడు వాళ్ల దృష్టిలో రవ్వలని చెప్పి ఇంకేవో పెట్టినవాళ్లమయ్యాం. మీ మేనేజర్ గారు ఇచ్చే డిస్కౌంట్ కూపన్‌తో ఆ మాట పోదు.

మాది వజ్రాల గురించి బొత్తిగా తెలియని ఊరు కూడా కాదు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం తలలు వంచుకుని తిరిగే జిల్లా ఇది. అక్కడ దొరికిన రాయి వజ్రం కాకపోతే, ముందు ఏ అక్షరం తగిలించినా కొనే వ్యాపారి ఉండడు.

కాబట్టి రాళ్ల కింద తీసుకున్న రూ. 96,000, దానిపై వేసిన జీఎస్టీతో సహా వాపసు ఇవ్వాలి. రాళ్లు మీరే తీసేసుకోండి. బంగారాన్ని తరుగు, మజూరీ కోత లేకుండా ఈ రోజు ధరకు కట్టండి, ఈ మార్పిడి మా సరదాకు జరుగుతున్నది కాదు. బిల్లుల్లో, బ్రోచర్లలో ‘ఎం-డైమండ్’ తీసేసి మోయిస్సనైట్ అని పూర్తిగా రాయండి, అసలు బరువు వేయండి. ఆ టెస్టర్‌ను వజ్రానికి రుజువుగా చూపించడం మాన్పించండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటన, అనుచిత వ్యాపార పద్ధతి అంటూ జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాం. కొని ఇంకా రెండేళ్లు కాలేదు, గడువు ఉంది. జవాబు ఫోన్లో వద్దు, కాగితం మీద పంపండి.

ఇట్లు,
బిల్లులో పేరున్న కొనుగోలుదారు,
కర్నూలు.

జతపరిచినవి: బిల్లు రెండు వైపులా నకలు, రాళ్ల కార్డు నకలు, బ్రోచర్, ల్యాబ్ రిపోర్టు నకలు. కమ్మలు మా దగ్గరే ఉన్నాయి, సొమ్ము ఇచ్చిన రోజే బ్రాంచిలో అప్పగిస్తాం.