ఎనిమిది మందితో ఒక చట్టసభ

సంపాదకులకు,

దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఫాక్‌లాండ్ దీవులనగానే మనకు 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన యుద్ధమే గుర్తొస్తుంది గానీ అక్కడ ఒక చట్టసభ ఉందనీ, దానికి ఎన్నికయ్యేది 8 మందేననీ ఎంతమందికి తెలుసు? మా పంచాయతీలో వార్డు మెంబర్లే అంతకంటే ఎక్కువ! రాజధాని స్టాన్లీకి ఐదు సీట్లు, మిగతా గొర్రెల మేత భూములన్నిటికీ కలిపి (వాటిని ‘క్యాంప్’ అంటారు, స్పానిష్ ‘కాంపో’ నుంచి వచ్చిన మాట) మూడు. పార్టీల్లేవు, అందరూ ఇండిపెండెంట్లే, కాబట్టి ఫిరాయింపుల టెన్షన్ లేదు. వాళ్లలోంచే ముగ్గురిని కార్యనిర్వాహక మండలికి (మన మంత్రివర్గం లాంటిది) ఎన్నుకుంటారు. రక్షణ, విదేశాంగం బ్రిటన్‌వే. అది సరే, కానీ లండన్ నుంచి వచ్చే గవర్నర్ కొన్ని విషయాల్లో ఆ మండలి సలహాను కూడా పక్కన పెట్టొచ్చట, 2009 నాటి రాజ్యాంగంలోనూ ఆ వీలు ఉంచారు. నాకు మింగుడుపడనిది అదొక్కటే.

- ఒక పాఠకుడు, తెనాలి