కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2025–26: సంచి నుంచి బొగ్గు దాకా

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల కాగితం విడిగా పంపించాం, బోరు మోటారు రిపేరు, వీధిలైట్లు, వాచ్‌మన్ జీతం అన్నీ అందులో ఉన్నాయి. ఈ ఏడాది మనం ఎక్కువ టైం పెట్టిన పని గురించే ఇక్కడ రాస్తున్నాం.

పోయిన వానాకాలం వెనక గల్లీలో మోరీ పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి అందరికీ గుర్తే. జాలీ ఎత్తి చూస్తే లోపలంతా కవర్లే, పాల ప్యాకెట్లు, కూరగాయల కవర్లు ఒకదానికొకటి చుట్టుకుని తడిసిన బొంతలా గట్టిపడ్డాయి, ఇద్దరు మనుషులు కొక్కెం వేసి లాగితే గానీ కదల్లేదు. ప్లాస్టిక్ వాడొద్దని ఏళ్ల తరబడి చెప్పాం, బోర్డులు పెట్టాం, పిల్లలతో ర్యాలీ తీయించాం. ఏమీ మారలేదు.

అందుకే ఈసారి పైసలతో ముడిపెట్టాం. గేటు దగ్గరి రెండు కిరాణం షాపులతో మాట్లాడి గుడ్డ సంచికి పది రూపాయల డిపాజిట్ పెట్టించాం, సంచి తిరిగిస్తే పది వాపస్. పాత చీరలతో సంచులు కుట్టింది మన కాలనీ అక్కలే. మొదటి నెల ఒక్క సంచీ తిరిగి రాలేదు, మాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. ఇప్పుడు సాయంత్రం వెళ్లి చూడండి, ఉతికిన సంచులు మేకుకు వేలాడుతుంటాయి, ఆకుపచ్చ అంచు సంచి ఒకటైతే రంగు వెలిసిపోయేదాకా ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఇది మనకు కొత్తగా తట్టిన ఆలోచనేమీ కాదు. ఐర్లాండ్ 2002లో ఒక్కో ప్లాస్టిక్ కవరు మీద 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం దాదాపు 90 శాతం పడిపోయింది. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగిస్తున్నారు.

సంక్రాంతి తర్వాత పెట్టిన మీటింగ్‌లో మన సభ్యుడే అయిన రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ సారు ఇదే పైసల లెక్క బొగ్గుకు ఎలా పనిచేస్తుందో చెప్పారు. భూపాలపల్లిలో, రామగుండంలో బొగ్గు కాల్చి మనకు కరెంటు ఇస్తారు, ఆ పొగ పీల్చేవాళ్ల దవాఖాన ఖర్చు మాత్రం మన బిల్లులో ఎక్కడా కనపడదు. ఆ ఖర్చును కొంతైనా ధరలోకి తేవడానికే 2010లో కేంద్రం టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్, అంటే అదనపు పన్ను, పెట్టింది, 2016కల్లా అది 400 అయింది. 2017 నుంచి ఆ డబ్బు జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు తగ్గిన రాబడిని పూడ్చడానికి పోయింది. 2025 సెప్టెంబరులో సెస్ తీసేసి జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పైకి పన్ను పెరిగినట్టే ఉంది, కానీ లెక్క వేసి చూడండి: టన్ను 1,500 రూపాయల చౌక బొగ్గు మీద ముందు సెస్ 400, జీఎస్టీ 75 కలిపి 475 పడేది, ఇప్పుడు జీఎస్టీ ఒక్కటే 270. బూడిద ఎక్కువుండే నాసి బొగ్గుకే భారం తగ్గింది. ఇది సరైన మార్పు కాదని మా కమిటీ అభిప్రాయం.

సూరత్‌లో 2019 నుంచి ఇంకో పద్ధతి నడిచింది. ఫ్యాక్టరీలన్నీ కలిపి ఇంత పొగధూళి దాటొద్దని హద్దు పెట్టి, ఆ లెక్కన పొగ వదిలే పర్మిట్లు ఇచ్చి, తక్కువ వదిలినవాళ్లు మిగిలిన పర్మిట్లను ఎక్కువ వదిలినవాళ్లకు అమ్ముకోవచ్చన్నారు. అక్కడ ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది.

ఇక మన చేతిలో ఉన్నవి. పీఎం సూర్యఘర్ కింద ఇంటిమీద 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. పెట్టించుకున్న ఒక సభ్యుణ్ణి ఒక బ్యాంకు లోన్ కోసం నెలల తరబడి తిప్పింది, కాబట్టి కాగితాలన్నీ ముందే సిద్ధం చేసుకోండి, కమిటీ నుంచి ఒకరు తోడు వస్తారు. రాష్ట్రంలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2026 డిసెంబరు 31 దాకే ఉంది. బండి మార్చే ఆలోచన ఉన్నవాళ్లు ఆ తేదీ మనసులో పెట్టుకోండి.

వచ్చే సర్వసభ్య సమావేశానికి ఒక ప్రతిపాదన ఉంది: తడి చెత్త, పొడి చెత్త వేరుచేసే ఇళ్లకు మెయింటెనెన్స్‌లో తగ్గింపు. దక్షిణ కొరియాలో 1995 నుంచి ఎంత చెత్త వేస్తే అంత కట్టాలి. అలా చేస్తే మనుషులు ఎక్కువున్న ఇంటి మీద భారం పడుతుందని ఒక పెద్దమనిషి అభ్యంతరం చెప్పారు, అది న్యాయమైన మాటే. అందుకే జరిమానా వద్దనుకుని తగ్గింపు ఒక్కటే పెట్టాం. ఎంత తగ్గించాలో మీరే వచ్చి చెప్పండి.

– కార్యదర్శి, హనుమకొండ