ఒడిస్సియస్ ఇల్లు చేరిన తరువాతి కథ కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో పిల్లల కోసం నాలుగు వారాల పాటు ప్రచురించిన గ్రీకు వీరుడు ఒడిస్సియస్ కథను మా మనవరాలికి నేనే చదివి వినిపించాను. ఇక్కడ ఒడియా మాధ్యమంలో చదువుకుంటున్న ఆ పిల్లకు తెలుగు అక్షరాలు పట్టుబడుతున్నది మీ అనుబంధం పుణ్యమా అనే కనుక, ముందుగా మీకు కృతజ్ఞత చెప్పుకోవడం నా ధర్మం. అయితే కిందటి ఆదివారం వచ్చిన చివరి భాగంలో, ఓడ ఇథాకా తీరం చేరగానే వీరుడు ఇల్లు చేరాడంటూ కథ ముగించేశారు. పేజీ మడిచి పెట్టబోతుంటే మనవరాలు, "వాళ్ళమ్మ పోల్చుకుందా తాతా?" అని అడిగింది. ఆ ప్రశ్నే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

హోమర్ పేరున లోకానికి దక్కిన ఆ 'ఒడిస్సీ' కావ్యంలో 24 సర్గలు ఉన్నాయి. ఒంటికన్ను పాలిఫీమస్, మనుషులను పందులుగా మార్చిన సర్సీ, పాటతో నావికులను దారి మరలించే సైరెన్లు, ఆరుగురిని ఓడ మీది నుంచే ఎగరేసుకుపోయిన సిల్లా, ఇలా మీ నాలుగు వారాలనూ నింపిన సంగతులన్నీ 9 నుంచి 12 వరకు గల నాలుగు సర్గలలోనివే; అవి కూడా ఫియేషియన్ల రాజు కొలువులో కూర్చుని ఒడిస్సియస్ తన నోట తాను చెప్పుకున్న వృత్తాంతంగా వస్తాయి. 13వ సర్గలోనే అతడు స్వదేశంలో దిగిపోతాడు. అక్కడి నుంచి చివరిదాకా ఉన్న సగం కావ్యమంతా, పదేళ్ళు యుద్ధంలోనూ పదేళ్ళు తిరుగు ప్రయాణంలోనూ గడిపి వచ్చిన మనిషిని సొంత ఊరు ఎలా పోల్చుకుంది అన్న ఒక్క విషయం మీదనే నడుస్తుంది. కవి సగం కావ్యం కేటాయించిన విషయాన్ని మనం ఒక్క వాక్యంలో తేల్చేయడం న్యాయం కాదని నా మనవి.

ఆ దిగడం కూడా ఎంత చిత్రంగా ఉంటుందో చూడండి. ఇరవై ఏళ్ళుగా ఏ నేల కోసం తపించాడో ఆ నేల మీద అతడు నిద్రలో ఉండగా దిగుతాడు. ఫియేషియన్లు అతడిని దుప్పటితో సహా ఎత్తి ఇసుక మీద పడుకోబెట్టి, కానుకలన్నీ ఆలివ్ చెట్టు మొదట్లో పెట్టి వెళ్ళిపోతారు. మెలకువ వచ్చేసరికి అథీనా దేవి కప్పిన పొగమంచులో అతనికి దారులూ రేవులూ కొండలూ ఏవీ తెలిసినవిగా కనబడవు. తొడలు చరుచుకుని, నేను ఎవరి దేశంలో వచ్చి పడ్డానని వాపోతాడు. పిల్లల పేజీలో మొట్టమొదట చెప్పవలసింది ఈ ఘట్టమేనని నేను అనుకుంటాను.

నాకు ఈ ఘట్టం మీద ఇంత మమకారం ఎందుకో కూడా చెప్పాలి. మాది బరంపురంలో పట్టు నేసే కుటుంబం. మగ్గం మీద బతుకు గడవక మా తాతగారు 1936 మొదట్లో గోపాల్‌పూర్ రేవులో ఓడ ఎక్కి రంగం వెళ్ళారు. బర్మాలోని రంగూన్‌ను మా పెద్దలు రంగం అనే అనేవారు. ఆయన వెళ్ళిన నాటికి మా ఊరు మద్రాసు రాజధానిలో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులోకి వచ్చింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక ఆయన వేలాది మందితో కలిసి అరకాన్ కొండల మీదుగా నడిచి చిట్టగాంగ్ చేరి, అక్కడి నుంచి పడుతూ లేస్తూ 1942 వేసవిలో ఇంటికి వచ్చారు. గడ్డం పెరిగి చిక్కిపోయిన ఆ మనిషిని మా నాయనమ్మ గొంతు విని పోల్చుకుంది. ఆయన వెళ్ళాక పుట్టి అప్పటికి అయిదేళ్ళు నిండిన మా నాన్నగారు మాత్రం దగ్గరకు వెళ్ళలేదట. చాలా రోజులు ఆయనను "రంగం ఆయన" అనే పిలిచారట. ఒకనాటి పొద్దున ఆ రంగం ఆయన రాట్నం ముందు కూర్చుని, ఆరేళ్ళ పాటు బియ్యం మిల్లులో మూటలు మోసిన చేతులతోనే, పోగు తెగకుండా కండెలు చుట్టడం చూసి, తాను చుట్టవలసిన కండెలను తెచ్చి ఆయన పక్కన పెట్టారట. నాన్న అన్న పిలుపు ఆ తరువాత వచ్చింది. ఓడ దిగిన రోజునే ప్రయాణం పూర్తయిపోతుందని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

కావ్యంలో పోల్చుకోవడాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఏ ఒక్కటీ మరొకదానిలా ఉండదు. బిచ్చగాడి వేషంలో ఇంటి ముందుకు వచ్చిన యజమానిని ఎవరూ ఎరుగరు. పెంటకుప్ప మీద గోమార్లు పట్టి పడి ఉన్న ముసలి కుక్క ఆర్గోస్ ఒక్కటే ఎరుగుతుంది. లేచి వచ్చే సత్తువ లేక తోక ఆడించి, చెవులు వాల్చి, ప్రాణం విడుస్తుంది. పక్కనున్న పనివాడు చూడకుండా ఒడిస్సియస్ కన్నీరు తుడుచుకుంటాడు. పెంచిన దాది యూరిక్లియా కాళ్ళు కడుగుతూ, చిన్ననాడు అడవిపంది కోరతో అయిన మచ్చ చేతికి తగలగానే కాలు వదిలేస్తుంది, పళ్ళెం తిరగబడి నీళ్ళు ఒలికిపోతాయి. ముసలి తండ్రి లయర్టీస్‌కు మచ్చ చూపడంతో సరిపెట్టక, పసితనంలో తోటలో వెంట తిరుగుతూ అడిగి తెలుసుకున్న చెట్లను కొడుకు లెక్క చెబుతాడు: 13 పేరు చెట్లు, 10 ఆపిల్ చెట్లు, 40 అత్తి చెట్లు, 50 వరుసల ద్రాక్ష.

ఒడిస్సియస్ భార్య పెనెలొపి సంగతి మగ్గం ఎరిగిన వారికి మరికాస్త ఎక్కువ అర్థమవుతుంది. తనను పెళ్ళాడతామంటూ ఇంట్లో చేరిన వరులతో, మామగారి కోసం నేస్తున్న శవవస్త్రం పూర్తి కాగానే మీలో ఒకరిని వరిస్తానని చెప్పి, పగలు నేసినది రాత్రి దివిటీ వెలుగులో విప్పుతూ ఆమె మూడేళ్ళు గడిపింది. గ్రీకుల మగ్గం మన గుంట మగ్గం వంటిది కాదు. పడుగు పోగులు పైనుంచి వేలాడుతుంటే, వాటి చివర మట్టి బరువులు కట్టి, నిలబడి అటూ ఇటూ నడుస్తూ పైనుంచి కిందికి నేసేవారు. మగ్గం ఏదైనా విప్పడం మాత్రం ఒక్కటే. బుటా తప్పి నాలుగు వేళ్ళ మేర విప్పవలసి వస్తే, పేక ఒక్కొక్క పోగునూ నలగకుండా వెనక్కు తీయడానికి మా నాయనమ్మకు నేసినంత సేపు కంటె ఎక్కువ పట్టేది. అటువంటి పని మూడేళ్ళు, అదీ పరిచారికల కంట పడకుండా చేసిన మనిషిని, మగడి కోసం ఏడుస్తూ కూర్చున్న ఇల్లాలిగా మీ కథలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం నాకు నొప్పి కలిగించింది. చివరకు భర్తను పరీక్షించేది కూడా ఆమే. మంచం బయట వేయమని దాదికి ఆమె చెప్పగానే, నేలలో వేరున్న ఆలివ్ మొద్దునే కోడుగా చెక్కి నేను చేసిన మంచాన్ని ఎవరు కదిలించగలరని అతడు మండిపడతాడు. ఆ రహస్యం వారిద్దరికీ, ఒక్క పరిచారికకూ తప్ప ఎవరికీ తెలియదు. అరణ్యపర్వంలో బాహుకుడి రూపంలో వచ్చిన నలుడిని దమయంతి వంట రుచి చూసి, పిల్లలను ఎదుటికి పంపి పరీక్షించిన ఘట్టం చదివిన తెలుగువారికి ఇది పరాయి కథగా తోచదు.

వరులుగా వచ్చి ఇంట్లో తిష్ఠ వేసిన 108 మందిని చంపడం, ఆపైన 12 మంది దాసీలను ఉరి తీయించడం పిల్లలకు తగని సంగతులని మీరు ఆగి ఉంటే ఆ సంకోచం సబబే. వాటిని రెండు మాటల్లో దాటించవచ్చు. చెప్పితీరవలసినది మరొకటి ఉంది. మృతుల లోకంలో టైరీసియస్ అనే ద్రష్ట ఒడిస్సియస్‌కు చెప్పిన జోస్యం ప్రకారం, ఇల్లు చేరాక కూడా అతడు తెడ్డు భుజాన వేసుకుని, సముద్రం ఎరుగని, తిండిలో ఉప్పు కలుపుకోని మనుషుల దేశందాకా నడవాలి. దారిన పోయేవాడు ఎవరైనా ఆ తెడ్డును చూసి ధాన్యం తూర్పారబట్టే సాధనం అనుకున్న చోట దానిని నేలలో పాతి, సముద్ర దేవుడు పొసైడన్‌కు బలి ఇవ్వాలి. గోపాల్‌పూర్ రేవు నుంచి బయలుదేరి గజపతి జిల్లా కొండలు ఎక్కే దారిలో వెళ్ళినప్పుడల్లా నాకు ఆ తెడ్డు గుర్తుకు వస్తుంది.

కాబట్టి మరో నాలుగు వారాలు చోటిచ్చి, 13వ సర్గ నుంచి కథను మళ్ళీ ఎత్తుకోవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. దానికి ముందు, మృతుల లోకం గురించి మీరు రాసిన మూడో భాగంలో విడిచిపెట్టిన ఒక సంగతిని కూడా వేయండి. ఒడిస్సియస్ తల్లి యాంటిక్లియా కొడుకు మీద బెంగతో, అతడు తిరిగి రాకముందే కన్నుమూసింది. ఆ చీకటి లోకంలో ఆమె అతడిని పోల్చుకుంది, మాట్లాడింది. అతడు మూడుసార్లు కౌగిలించుకోబోయాడు. మూడుసార్లూ ఆమె నీడలా, కలలా చేతుల్లోంచి జారిపోయింది. మా మనవరాలికి ఈ జవాబు నేను ఇంకా చెప్పలేదు. మీ పేజీలో తానే కూడబలుక్కుని చదువుకోవాలని ఉంచాను.

ఇట్లు,
ఒక నేత కుటుంబీకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.